తలంబ్రాలు చెడిన ఫైలు

మా ఆయన ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో నడుపుతాడు. పెళ్ళిళ్ళు తీస్తాడు. తీసిన వీడియోను కత్తిరించి, పాటలు పెట్టి, రంగులు సరిచేసి, చివరికి టీవీలో ఆడే ఫైలుగా బయటికి తీసే పనిని మా దగ్గర మిక్సింగ్ అంటారు. ఆ పని ఏళ్ళ తరబడి నంద్యాలలో ఒకామె చేసేది. హార్డ్‌డిస్కును పాత తువ్వాలులో చుట్టి, దారంతో కట్టి, నంద్యాల బస్సు డ్రైవరు చేతికిస్తే ఆమె బస్టాండులో అందుకునేది. పదిహేను రోజులకు అదే డిస్కు అదే తువ్వాలులో తిరిగొచ్చేది. ఆ మూట కట్టేది నేను, విప్పేది నేను. మధ్యలో జరిగే అసలు పని మాత్రం ఆమెది.

ఆమెను నేను చూడలేదు. గొంతు మాత్రం తెలుసు, ఎందుకంటే మా ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు. నాతో ఆయన మాటలు రోజుకు పదో పన్నెండో. అన్నం పెట్టు, ఎవురొచ్చినారు, తలుపెయ్. ఆమెతో మాత్రం అరగంట. "అక్కా, ఏం చేసినావక్కా! పిల్ల నెత్తిన ప్రతి గింజా లెక్కబెట్టొచ్చు కదక్కా!" అని నవ్వేవాడు. నాకు అనుమానమేమీ లేదు. ఆమె మా ఆయన కంటే పదేళ్ళు పెద్ద, ఆయన అక్కా అంటే నిజంగా అక్కే. నాకున్నది అసూయ. అనుమానమైతే నిలదీసి అడిగి తీర్చుకోవచ్చు. అసూయను ఎవరిని అడిగి తీర్చుకోవాలి?

పెళ్ళి వీడియో మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నా ముందే అడిగేవారు, "మిక్సింగ్ నంద్యాలలోనే కదప్పా?" అని. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని.

నాకు పని రాదా అంటే, వచ్చు. పెళ్ళయిన రెండేళ్ళకే స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డు. పొద్దస్తమానం ఉలి చప్పుడు, ఆ రాతి దుమ్ము మా కీబోర్డు మీద తెల్లగా పేరుకునేది. తుడుచుకుంటూ, ఫోన్లో పాఠాలు చూసుకుంటూ నేర్చుకున్నాను. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు నాకిచ్చేవాడు. పెళ్ళిళ్ళు మాత్రం బస్సెక్కేవి. నేను చేసింది చూసి మా ఆయన ఒకే మాట అనేవాడు, "నీది గూడా బాగుండాది." ఆ 'గూడా' అనకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

ఆమె పనిలో అందరూ మెచ్చుకునేది తలంబ్రాల ఘట్టం. అందులో ఉన్న కష్టం బయటివాళ్ళకు తెలియదు. వీడియో అంటే సెకనుకు పాతిక బొమ్మలు. అన్నిటినీ పూర్తిగా దాచాలంటే ఏ డిస్కూ చాలదు. అందుకే కోడెక్ అనేది ఒక బొమ్మను పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. అయ్యవారు మంత్రం చదువుతుంటే మారేది ఆయన పెదవులే కాబట్టి పని తేలిక. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యం, థర్మకోల్ పూసలు, మెరుపు కాగితాలు ఒక్కసారిగా కదులుతాయి. సెకనుకు ఇంత అని మనం వేసే మేత చాలదు. అప్పుడు బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలిపోయి, పెళ్ళికూతురి ముఖం గచ్చుబండల నేలలా అవుతుంది. ఆ మేతనే బిట్‌రేట్ అంటారు. నా పుట్టినరోజు వీడియోల్లో కాగితాల బాంబు పేల్చిన ప్రతిసారీ గళ్ళు పడేవి. ఆమె తలంబ్రాల్లో ఒక్క గడి కూడా పడేది కాదు.

ఆమె పంపిన ఫైళ్ళ మీద మౌస్ నొక్కి ప్రాపర్టీస్ చూసేదాన్ని. హెచ్ టూ సిక్స్ ఫోర్ అనే మామూలు కోడెక్, సెకనుకు పాతిక ఫ్రేములు, బిట్‌రేట్ పదహారు చిల్లర. అంతే. ఇంతోటి దానికేనా అనుకుని ఒక ఓణీల ఫంక్షన్‌కు అన్నీ ఆమె కంటే ఎక్కువ పెట్టాను. కొత్త రకం కోడెక్, అరవై ఫ్రేములు, బిట్‌రేట్ ఎనభై. మధ్యాహ్నం మొదలైన ఎక్స్‌పోర్ట్, అంటే ఫైలు బయటికి తీయడం, దీపాలు పెట్టే వేళకు అయింది. తీరా వాళ్ళింటి టీవీ ఆ ఫైలును గుర్తుపట్టనే లేదు. "అక్కకు పంపింటే ఈ తలకాయనొప్పి ఉండేది కాదు," అన్నాడు మా ఆయన. ఆ రోజు నేను రెండు పూటలా అన్నం తినలేదు. ఆయన గమనించలేదు కూడా.

అలాంటి సమయంలో మా ఆడబిడ్డ పెళ్ళి వచ్చింది. గోస్పాడు సంబంధం. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు, నా పెళ్ళినాటికి బడికి పోయే పిల్ల. దానికి జడలు వేసింది నేను, ఇప్పుడు పెళ్ళికూతుర్ని చేసింది నేను. ఈ ఒక్క వీడియో నాకిమ్మని నోరు తెరిచి అడిగాను. ఇంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదు.

"ఇది మన ఇంటి పెండ్లి. దీని మీద ప్రయోగాలొద్దు," అన్నాడు.

మన ఇంటి పెళ్ళి కాబట్టే అడుగుతున్నానని ఆయనకు అర్థం కాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. మరుసటి రోజు తువ్వాలు తెచ్చి, డిస్కు చుట్టి, దారం కట్టింది నేనే. ముడి గట్టిగా బిగించాను. విప్పేటప్పుడు ఆమె గోళ్ళు విరగాలని కూడా అనుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే.

ఆషాఢంలో ఆడబిడ్డ మా ఇంట్లో ఉండగా డిస్కు తిరిగొచ్చింది. ఆ రోజు మా ఆయన గడివేములలో ఒక పుట్టినరోజు తీయడానికి పోయాడు. ఆడబిడ్డ స్నేహితురాలి ఇంటికి పోయింది. కుక్కర్లో పప్పు పెట్టి, డిస్కు తగిలించి, ఆ వీడియో చూశాను.

బాగుంది. బాగుందని చెప్పడం తప్ప వేరే దారి లేదు. తలంబ్రాల ఘట్టం వచ్చింది. పళ్ళెం పట్టుకుని నేను పందిట్లోకి వస్తున్నాను. ఆ నడకను ఆమె నెమ్మది చేసింది. నేను పళ్ళెం దించి, ఆడబిడ్డ చెంప మీద పడిన వెంట్రుకను వెనక్కి తోసి, నవ్వాను. అలా తోసినట్టు నాకే గుర్తు లేదు. నన్ను నేను అంత అందంగా ఎన్నడూ చూసుకోలేదు. మా ఆయన కెమెరాలో అది పడింది కానీ, ఆయన కంటికి ఆనలేదు. గంటల కొద్దీ ఫుటేజీలోంచి దాన్ని ఏరి పైకి తీసింది ఆమె. నన్ను చూసిన మనిషి ఆమె అయ్యేసరికి నా కడుపు భగ్గున మండింది.

అప్పుడు చేశాను ఆ పని. ఆమె ఫైలును నా సాఫ్ట్‌వేర్లోకి లాగి, బిట్‌రేట్ తగ్గించి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు, తలంబ్రాలు పగిలిపోతాయి. కానీ మరీ తగ్గిస్తే పెళ్ళంతా మసకబారి ఎవరికైనా అనుమానం వస్తుంది. ముహూర్తం, తలంబ్రాలు ఒక్కో నిమిషం ముక్క తీసుకుని బిట్‌రేట్ రెండు పెట్టి చూశాను. ముహూర్తంలో కూడా ముఖాలు అలుక్కుపోయాయి. నాలుగు పెట్టాను. తలంబ్రాలు కొంచెం నలిగాయి కానీ నిలబడ్డాయి. మూడు పెట్టాను. మిగతా పెళ్ళి చక్కగా ఉంది, తలంబ్రాలు మాత్రం గళ్ళు గళ్ళుగా రాలిపోయాయి. పాటలు చెడకూడదని సౌండు సెట్టింగు ముట్టుకోలేదు. అదే పేరుతో సేవ్ చేసి, ఆమె ఫైలును చెరిపేశాను. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో వినలేదు. పప్పు అడుగంటింది.

మా ఆయన సాయంత్రం వచ్చి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటూ, "ఈసారి బిరీన అయిపోయిందే," అన్నాడు. ఫైలు అయిదో వంతుకు చిక్కిపోయిందని ఆయన చూడలేదు. కెమెరా దాటితే ఆయనకు ఏదీ పట్టదు.

శ్రావణం రాగానే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కోడలిని తీసుకుపోవడానికి గోస్పాడు నుంచి పెళ్ళికొడుకుతో కలిపి ఆరుగురు వచ్చారు. భోజనాలయ్యాక హాల్లో టీవీ ముందు అందరూ చేరారు. ఆడబిడ్డ కొత్త చీర కట్టుకుని భర్త పక్కన కూర్చుంది. అందరూ తలంబ్రాల కోసమే ఎదురుచూస్తున్నారు. ఆ రోజు పెళ్ళికొడుకును గుక్క తిప్పుకోనివ్వకుండా పళ్ళెం పళ్ళెమంతా గుమ్మరించింది మా పిల్లే, ఆ సంగతి చెప్పుకుని రెండు ఊర్లు నవ్వుకున్నాయి.

ఆ ఘట్టం వచ్చింది. నేను పళ్ళెంతో నడిచి వస్తుంటేనే వెనకాల కాగితాలు రాలుతున్నాయి కాబట్టి నా ముఖం మొదట పగిలింది. తర్వాత పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పందిరి. తెర నిండా పసుపు తెలుపు గళ్ళు.

"పిల్ల యాడుంది?" అంది పెళ్ళికొడుకు తల్లి.

"ఆడే ఉంటాది చూడు, ఆ గళ్ళ ఎనక," అన్నారెవరో. నవ్వారు.

"మా పెద్దోని పెండ్లి వీడియో ఇట్ల లేకుండె," అని పెళ్ళికొడుకు తల్లి మామూలుగానే అంది. తప్పు పట్టాలని కాదు. ఆడబిడ్డ లేచి నీళ్ళు తెస్తానని వంటింట్లోకి పోయి, చాలాసేపు రాలేదు. పోయి చూస్తే పొయ్యి గట్టు మీద చేతులు పెట్టుకుని ఏడుస్తోంది. "వదినా, నేను దాన్నే చూపిస్తానని ఆయనతో నెల నుంచి చెప్తాండా," అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కొంగుతో దాని ముఖం తుడిచాను.

ఇంత జరుగుతుందని ఊహించలేదా అంటే, ఊహించాను. నంద్యాల అక్క పరువు పోతుందని మాత్రమే ఊహించాను. దారిలో ఈ పిల్ల నిలబడి ఉందని చూడలేదు.

వాళ్ళు బండెక్కగానే మా ఆయన ఫోన్ తీశాడు. ఆమెతో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. ఆమె అంతా విని, "ఆ పెన్‌డ్రైవ్ బస్సుకు పంపప్పా, చూస్తా," అంది. ఫైలు చూస్తే దాన్ని ఎప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్లో తీశారో తెలిసిపోతుంది. "ఎందుకు పంపడం, పోయింది పోయింది," అన్నాను. "నీకేమైంది మధ్యలో?" అని నన్నే వింతగా చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను.

మూడో రోజు ఆమె ఫోన్ చేసింది. స్పీకర్లో విన్నాను. "నా కాడే తప్పు జరిగిండాదప్పా. మళ్ళా మంచి ఫైలు పంపిస్తాండా. మీ చెల్లెలికి నేను సారీ చెప్పినానని చెప్పు."

పట్టుబడలేదన్న సంతోషం అరక్షణం కూడా నిలవలేదు. ఆమెకు తెలుసు. తెలిసీ తన నెత్తిన వేసుకుంది. నేనైతే ఆ పని చేయగలనా? చేయలేను. ఇంతకాలం ఆమె చేతిపనిని చూసి ఏడ్చాను. ఇప్పుడు ఆమె మంచితనాన్ని చూసి కూడా ఏడవాల్సి వచ్చింది.

మా ఆయన మాత్రం మనసు విరుచుకున్నాడు. "ఇంగ నంద్యాలకు పంపేది లేదు. మిడుతూరు పెండ్లి నువ్వే చెయ్," అన్నాడు. ఏళ్ళ తరబడి నేను కోరుకున్న మాట ఇంతే. వినగానే లేచి, అప్పటికే కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాను.

వారం తర్వాత, మా ఆయన కెమెరా సర్వీసుకని బయటికి పోయిన పొద్దున, స్టూడియో బోర్డు మీదున్న నా నంబరుకు ఫోన్ వచ్చింది.

"అమ్మా, నంద్యాల నుంచి చేస్తాండా."

లేచి తలుపు దగ్గరికి వేశాను.

"భయపడొద్దు. మీ ఆయనకు నేను చెప్పల్యా, చెప్పను గూడా. ఒకటి అడగాలని చేసినా. బిట్‌రేట్ మూడు పెట్టినావే, ఎన్నిసార్లు చేసి చూసుకున్యావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో రాలేదు. "మూడు సార్లు," అన్నాను.

ఆమె నవ్వింది. మా ఆయనతో నవ్వినట్టే. "అనుకున్యా. రెండు పెట్టింటే పెండ్లంతా పోయేది. నాలుగు పెట్టింటే తలంబ్రాలు నిలబడేవి. పాటలు ముట్టుకోల్యా నువ్వు, నా ఫైల్లో ఎట్లుండాయో అట్లే ఉండాయి. పని రానోళ్ళు చెడగొడితే అంతా చెడతాది. నువ్వు ఎంత కావాలనో అంతే చెడగొట్టినావు. నీకు పని వచ్చమ్మా."

నీకు పని వచ్చు. 'గూడా' లేకుండా. ఆ మాట కోసం నేను కట్టుకున్నవాడి ముఖం ఎన్నేళ్ళు చూశానో లెక్క లేదు. అది తీరా ఆమె నోటి నుంచి, అదీ నేను చేసిన పాడుపనికి వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేని మెప్పు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది కూడా ఈమే అనాలా?

"మీ ఇంటి పెండ్లి నీకియ్యకుండా నాకిచ్చినందుకు నాకే మనసొప్పల్యా," అంది. "సరే, రాసుకో. తలంబ్రాల కాడ మీ ఆయన యాభై ఫ్రేములతో తీస్తాడు, నేను చెప్పిందే. నువ్వు దాన్ని సగం వేగానికి తగ్గించు. అందరూ అందం కోసరం అనుకుంటారు. అది కోడెక్ కోసరం. గింజ మెల్లగా పడితే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ తేడా తక్కువ, పగలదు. ఎక్స్‌పోర్ట్ రెండు పాస్‌లు పెట్టు. మొదటిసారి ఫైలంతా చదువుకుంటాది, రెండోసారి యాడ ఎక్కువ కావాలో ఆడ ఎక్కువ వేస్తాది. పదహారు పెట్టు, పైన ముప్పై దాకా వదులు."

క్యాలెండరు వెనక రాసుకున్నాను. క్షమించమని అనలేదు. పని మళ్ళీ మీకే పంపమని మా ఆయనతో చెప్తానని కూడా అనలేదు. అనాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది, మిడుతూరు పెళ్ళి గుర్తొచ్చి మింగేశాను.

మిడుతూరు పెళ్ళి ఆమె చెప్పినట్టే చేశాను. పెద్ద టీవీలో పెట్టి మా ఆయనను కూర్చోబెట్టాను. తలంబ్రాలు వచ్చాయి. ప్రతి గింజా విడివిడిగా, తీరిగ్గా రాలింది. మా ఆయన ముందుకు వంగి చూశాడు. ముఖం వెలిగింది.

"అచ్చం నంద్యాల అక్క చేసినట్లే ఉండాది," అన్నాడు.

ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. నేను ఎంత ఎదిగినా ఆమె ఎత్తుతోనే కొలుస్తాడు. ఆ కోపంలోనే నోరు జారిందో, ఇక మోయలేకనో, చెప్పేశాను. "ఆమె చెప్తేనే చేసినా. మీ చెల్లెలి పెండ్లి వీడియో చెడగొట్టింది ఆమె కాదు, నేను."

ఆయన టీవీ ఆపాడు. ఎట్లా చేశావని అడిగాడు, చెప్పాను. వెంటనే నంద్యాలకు ఫోన్ చేసి, తప్పయిపోయిందక్కా అని రెండు మూడుసార్లు అన్నాడు. ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఆ రోజు స్పీకర్ పెట్టలేదు ఆయన. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను.

"మా చెల్లెలి పెండ్లే దొరికినాదా నీకు?" అన్నాడు మెల్లగా.

"ఆ పెండ్లి నాకిచ్చింటే, చెడగొట్టేదాన్ని కాదు," అన్నాను.

తల దించుకునే అన్నాను, కానీ అన్నాను. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇప్పుడు సగం పెళ్ళిళ్ళు నంద్యాలకు పోతాయి, సగం నా దగ్గరుంటాయి. ఆడబిడ్డకు అంతా చెప్పి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, అది నన్ను క్షమించింది. మా ఆయనకు చెప్పిన ఆ జవాబును మాత్రం నేను ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.